ఇంటి వయసు, ఇంటి వెల: పాలమూరు, నల్లగొండ ముంపు గ్రామాల్లో గృహమూల్య నిర్ణయ చరిత్ర

వ్యాససంగ్రహం

జలాశయాల కింద మునిగే గ్రామాల్లో ఇంటికి ప్రభుత్వం నిర్ణయించే వెలకూ, అటువంటి ఇంటిని మరోచోట కట్టుకోవడానికి అయ్యే ఖర్చుకూ మధ్య అంతరం కనిపిస్తుంది. ఈ అంతరానికి మూలం ఎక్కడుందో పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల అనుభవం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1894 నాటి భూసేకరణ చట్టం, 1984 సవరణ, 2013 నాటి చట్టం పరిహారాన్ని క్రమంగా పెంచాయి. ఇంటి వయసును బట్టి విలువను తగ్గించే తరుగుదల సూత్రం మాత్రం వాటన్నిటి కిందా కొనసాగింది. అందువల్ల నిర్బంధ సేకరణకు ఊరటగా ఇవ్వవలసిన అదనపు మొత్తం పాత ఇళ్ల విషయంలో తరుగుదల లోటును పూడ్చడానికే ఖర్చవుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గృహమూల్య నిర్ణయం, తరుగుదల, భూసేకరణ, ముంపు గ్రామాలు, శ్రీశైలం, పాలమూరు, నల్లగొండ, సొలేషియం.

1. ఉపోద్ఘాతం

ఒక వస్తువును డబ్బుతో సరిపోల్చి చెప్పడానికి తెలుగులో వెల, ధర, ఖరీదు, విలువ అనే మాటలు వాడుకలో ఉన్నాయి. ఇవి పర్యాయపదాలుగా కనిపించినా వీటి పరిధులు వేరు. 'ఖరీదు' పారసీ నుంచి వచ్చిన మాట. దాని మూలార్థం కొనుగోలు. తెలంగాణ వాడుకలో 'ఖరీదు చేసిండు' అంటే కొన్నాడనే అర్థం. కొనేవాడు, అమ్మేవాడు ఉన్నప్పుడే ఖరీదు పుడుతుంది. 'విలువ'కు అమ్మకంతో నిమిత్తం లేదు. ఎవరూ అమ్మకానికి పెట్టని వస్తువుకు కూడా విలువ ఉంటుంది.

పల్లెలో ఇల్లు సాధారణంగా ఈ రెండో కోవకు చెందుతుంది. పొలాలు చేతులు మారినంతగా ఇళ్లు మారవు. తాత కట్టిన ఇంటికి తండ్రి ఒక అర్ర కలుపుతాడు, కొడుకు పైకప్పు మారుస్తాడు. అటువంటి ఇంటికి జలాశయం కోసమో, కాలువ కోసమో ఒకనాడు ప్రభుత్వం వెల కట్టవలసి వచ్చినప్పుడు, ఎన్నడూ ఖరీదు కాని వస్తువుకు ఖరీదును ఊహించవలసి వస్తుంది. గృహమూల్య నిర్ణయంలోని మౌలికమైన చిక్కు ఇదే. కృష్ణానది వెంబడి ఆరు దశాబ్దాలకు పైగా ప్రాజెక్టుల నిర్మాణం చూసిన దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం ఈ చిక్కును అధ్యయనం చేయడానికి అనువైన క్షేత్రం. 2016 అక్టోబరు 11న, ఆ తర్వాత 2019లో జరిగిన పునర్విభజనల వల్ల ఈ ప్రాంతం నేడు అనేక జిల్లాలుగా ఉన్నప్పటికీ, చారిత్రక సౌలభ్యం కోసం పూర్వపు జిల్లాల పేర్లనే ఈ వ్యాసం వాడుతుంది.

2. మూల్య నిర్ణయానికి మూడు మార్గాలు

ఇంటి విలువను అంచనా వేయడానికి ప్రపంచమంతటా ప్రధానంగా మూడు మార్గాలు అనుసరిస్తున్నారు. మొదటిది పోలిక. చుట్టుపక్కల ఇటీవల అమ్ముడుపోయిన అటువంటి ఇళ్ల ధరలను చూసి, విస్తీర్ణం, దారి, కట్టుబడి వంటి తేడాలకు సర్దుబాట్లు చేసి విలువ తేలుస్తారు. రెండవది రాబడి. ఇల్లు తెచ్చే కిరాయిని ఆధారం చేసుకొని, అంత రాబడినిచ్చే ఆస్తికి ఎంత పెట్టుబడి తగునో లెక్కిస్తారు. మూడవది ఖర్చు. స్థలం విలువను వేరుగా తీసుకొని, ఆ ఇంటిని ఈనాడు కొత్తగా కట్టడానికి అయ్యే ఖర్చు నుంచి దాని వయసుకు తగిన తరుగుదలను మినహాయిస్తారు.

మహబూబ్‌నగర్, నల్లగొండ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో గృహరుణం కోసం బ్యాంకు పంపే మూల్య నిర్ణేతకు పోలిక మార్గం అందుబాటులో ఉంటుంది. ప్లాట్ల అమ్మకాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, కిరాయిలు అక్కడ ఉన్నాయి. బ్యాంకుకు కావలసింది కూడా పరిమితమే: రుణం తీరకపోతే ఆ ఇంటిని అమ్మి బాకీ రాబట్టుకోగలమా అన్నది. అందుకే రిజర్వు బ్యాంకు నిబంధనలు 30 లక్షల రూపాయల లోపు గృహరుణాల్లో సైతం ఆస్తి విలువలో 90 శాతానికి మించి రుణం ఇవ్వరాదని చెబుతాయి.

పల్లెలో పరిస్థితి వేరు. గ్రామకంఠంలో, తెలంగాణ వాడుకలో ఆబాదిలో, ఉన్న ఇళ్లకు తరచుగా వారసత్వమూ అనుభవమూ తప్ప రిజిస్టరు దస్తావేజు ఉండదు. అమ్మకాలు జరిగినా తెల్లకాగితం మీద సాదాబైనామాగా ముగిసిపోతాయి. కనుక పోల్చడానికి లిఖితాధారం దొరకదు. కిరాయికి ఇచ్చే ఇళ్లు అరుదు కనుక రాబడి మార్గమూ మూసుకుపోతుంది. మిగిలేది ఖర్చు మార్గం ఒక్కటే. పల్లె ఇంటి విలువ ఇంజనీరు కొలతలోకి, అక్కడి నుంచి తరుగుదల పట్టికలోకి ప్రవేశించడానికి కారణం ఇది.

3. దక్షిణ తెలంగాణ ఇల్లు: కట్టుబడి, వయసు

ఇంజనీరు లెక్కలో ఇల్లు మొదట ప్లింత్ ఏరియాగా, అంటే పునాది మట్టం దగ్గర ఇల్లు ఆక్రమించిన వైశాల్యంగా మారుతుంది. తర్వాత గోడ రకం, కప్పు రకం, నేల రకం నమోదవుతాయి. ప్రభుత్వం ప్రకటించే ప్రామాణిక రేట్ల పట్టిక ప్రకారం కొత్త నిర్మాణ వ్యయం తేలుతుంది. ఆపై ఇంటి వయసును అడుగుతారు.

ఈ ప్రాంతపు పాత ఇంటిని ఈ గడుల్లో ఇమడ్చడం సులభం కాదు. గద్వాల, అలంపురం, కొల్లాపూర్ వైపు రాతిగోడల మీద దూలాలు, వాసాలు పరిచి పైన మట్టి కప్పిన మిద్దెలు ఉండేవి. నల్లగొండ వైపు గూన పెంకుటిళ్లు ఎక్కువ. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు, ముందు అరుగు, వెనుక దొడ్డి, పక్కన పశువుల కొట్టం ఉండేవి. కొన్ని ఇళ్లలో ధాన్యానికి గాదె గానీ, గరిసె గానీ, పాతర గానీ ఉండేది. వీటిలో కప్పు కింద లేనిది ఏదైనా ప్లింత్ ఏరియాకు వెలుపలే నిలుస్తుంది. రైతు కుటుంబానికి వాకిలీ, దొడ్డీ లేని ఇల్లు సగం ఇల్లే. పట్టికకు మాత్రం అవి ఖాళీ స్థలం.

అంతకంటె ముఖ్యమైనది వయసు ప్రశ్న. మట్టి మిద్దెకు వానకాలానికి ముందు మళ్లీ మట్టి వేస్తారు. గూన పెంకులను తిరగేర్చి, పగిలినవాటిని మారుస్తారు. గోడలను అలుకుతారు. పుచ్చిన వాసాన్ని తీసి కొత్తది ఎక్కిస్తారు. పునాది అరవై ఏళ్ల నాటిది, దర్వాజ నలభై ఏళ్లది, కప్పు నిరుటిది అయిన ఇంటి వయసు ఎంత? ఏటేటా మరమ్మతుతో పునరుద్ధరణ పొందే ఈ ఇల్లు, కట్టిన నాటి నుంచి ఒకే వేగంతో క్షీణిస్తుందని భావించే సరళరేఖా తరుగుదలకు లొంగదు. ఆ సూత్రం సిమెంటు కట్టడానికీ, యంత్రానికీ తగినంతగా ఈ ఇంటికి తగదు. అయినా దరఖాస్తులో ఒకే గడి ఉంటుంది. అందులో ఒకే అంకె పడుతుంది.

4. చట్టంలో ఇల్లు

నిజాం రాజ్యంలో భూసేకరణకు 1309 ఫస్లీ నాటి హైదరాబాద్ భూసేకరణ చట్టం వర్తించేది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత 1959 నాటి రాష్ట్ర చట్టంతో 1894 నాటి భూసేకరణ చట్టం తెలంగాణ ప్రాంతానికి విస్తరించింది. కృష్ణా ప్రాజెక్టుల సేకరణ ప్రధానంగా ఈ చట్టం కిందనే సాగింది.

1894 చట్టంలో ఇంటికి ప్రత్యేక స్థానం లేదు. సెక్షన్ 3 నిర్వచనం ప్రకారం 'భూమి' అంటే నేలతో పాటు నేలకు అతుక్కుని ఉన్నవన్నీ. ఇల్లు ఆ నేలకు అతుక్కున్న వస్తువుల్లో ఒకటి. సెక్షన్ 23 మార్కెట్ విలువను ప్రధాన ఆధారంగా నిర్దేశించి, నివాసం మార్చుకోవలసి వచ్చినవారికి అందుకయ్యే సమంజసమైన ఖర్చులను కూడా చేర్చింది. నిర్బంధంగా తీసుకుంటున్నందుకు మార్కెట్ విలువ మీద 15 శాతం అదనంగా ఇమ్మన్నది. న్యాయపరిభాషలో దీని పేరు సొలేషియం. ఊరట అని దాని భావం. ఆ వెంటనే వచ్చే సెక్షన్ 24 పరిహార నిర్ణయంలో లెక్కలోకి తీసుకోకూడని అంశాలను పేర్కొన్నది. వాటిలో రెండవది, ఆస్తిని వదులుకోవడానికి యజమానికి ఉన్న అయిష్టత.

ఈ సూత్రానికి న్యాయవ్యాఖ్యానం తెలుగు నేల మీది వివాదం నుంచే వచ్చింది. విశాఖపట్నం రేవు కోసం సేకరించిన భూమి విషయంలో రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజు నడిపిన వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ 1939లో తీర్పు చెప్పింది. ఇష్టపూర్వకంగా అమ్మేవాడికి ఇష్టపూర్వకంగా కొనేవాడు ఇచ్చే ధరే మార్కెట్ విలువ అన్న సూత్రాన్ని ఆ తీర్పు స్థిరపరచింది. భూమికి ఉన్న భావి ప్రయోజనాన్ని కూడా లెక్కించవలసిందేననీ, ఆ ప్రయోజనం కోసం కొనగలిగినది సేకరించే సంస్థ ఒక్కటే అయినా అది చెల్లుతుందనీ చెప్పింది. భూయజమానికి అది మేలు చేసిన తీర్పు. అయితే ఇంటికి వచ్చేసరికి ఆ సూత్రంలోని కల్పన బయటపడుతుంది. అమ్మదలచుకోని గృహస్థును అమ్మదలచుకున్నవాడిగా ఊహించి, అతని పాత ఇంటిని కొనే వ్యక్తి ఎంత ఇస్తాడో అంచనా వేయాలి. కొనేవాడు పాత ఇంటికి తక్కువే ఇస్తాడు. తరుగుదలకు తాత్త్విక ఆధారం ఈ ఊహాకొనుగోలుదారే.

5. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా

నల్లగొండ జిల్లా నందికొండ వద్ద 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఎగువన శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జూలైలో ఆయన చేతుల మీదుగానే పునాది పడింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టంతో రూపొందిన శ్రీశైలం జలాశయం మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలను, లక్ష ఎకరాలకు పైగా భూమిని ముంచింది. లక్షకు పైగా జనం ఊళ్లు విడిచారు. మహబూబ్‌నగర్ వైపు కొల్లాపూర్, అలంపురం ప్రాంతాల నదీతీర గ్రామాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. 1981 జూన్‌లో అధికార యంత్రాంగం ఇళ్లను కూలగొట్టి గ్రామాలను ఖాళీ చేయించింది. ఆ చర్యను తర్వాతి నిజనిర్ధారణ నివేదికలు నమోదు చేశాయి.

ఆ ముంపు ప్రాంతంలోనే సమాంతరంగా మరొక పని జరిగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. జటప్రోలు ఆలయాలను కూడా తరలించారు. అంతకు ముందు నాగార్జునకొండ కట్టడాలను ఆవలి ఒడ్డున ఇదే విధంగా పునర్నిర్మించారు. ఇవి పురావస్తు శాఖల గొప్ప విజయాలు. మూల్య నిర్ణయ చరిత్రకు ఇందులో ఒక పాఠం ఉంది. ఆలయం విషయంలో వయసు పెరిగినకొద్దీ విలువ పెరిగింది. దానికి పరిహారం డబ్బు కాదు, అదే ఆలయం మరోచోట. ఇంటి విషయంలో వయసు పెరిగినకొద్దీ విలువ తగ్గింది. దానికి పరిహారం తరుగుదల పోను మిగిలిన డబ్బు. ఒకే నీటిమట్టం కింద ఒకే ప్రభుత్వం రెండు భిన్న సూత్రాలను పాటించింది.

అవార్డు సరిపోలేదని భావించినవారు సెక్షన్ 18 కింద సివిల్ కోర్టుకు నివేదన కోరవచ్చు. అందుకు గడువు తక్కువ. అవార్డు ప్రకటించినప్పుడు హాజరైనవారికి ఆరు వారాలే. పైగా సొమ్మును నిరసన తెలుపుతూ తీసుకున్నవారికే ఆ హక్కు మిగిలేది. చదువు లేని గృహస్థు ఆ మాట రాయించకుండా వేలిముద్ర వేస్తే కోర్టు తలుపు మూసుకుపోయేది. 1984 సవరణ చేర్చిన సెక్షన్ 28-ఎ, కోర్టుకు వెళ్లినవారికి పెరిగిన పరిహారాన్ని అదే నోటిఫికేషన్ కిందికి వచ్చే ఇతరులూ కోరే అవకాశం కల్పించి ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. అదే సవరణ సొలేషియాన్ని 30 శాతానికి పెంచింది. అయితే 1982 ఏప్రిల్ 30కి ముందే కలెక్టరు అవార్డు, సివిల్ కోర్టు తీర్పు రెండూ ముగిసిపోయినవారికి ఆ పెంపు వర్తించదని 1989లో రఘువీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1981లో ఖాళీ అయిన ఊళ్లలో ఎవరి వ్యవహారం ముందే ముగిసిందో, ఎవరిది పెండింగులో ఉన్నదో అన్న యాదృచ్ఛికత మీద పరిహారపు శాతం ఆధారపడింది. నగదు పరిహారం చాలలేదన్న సంగతిని ప్రభుత్వమే మరో రూపంలో అంగీకరించింది. 1986 ఏప్రిల్ 15 నాటి 98వ నంబరు ఉత్తర్వు ప్రాజెక్టుల నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగావకాశం కల్పించింది. శ్రీశైలం నిర్వాసితులు ఆ ఉత్తర్వు అమలు కోసం దశాబ్దాల పాటు ఆందోళనలు చేశారు.

6. ఇంటి వయసుతో చట్టాన్ని కొలవడం

మూడు దశల చట్టాలను పోల్చడానికి పరిహార శాతాలను వరుసగా చెప్పడం కంటె వాటిని ఒకే ఇంటికి వర్తింపజేసి చూడడం స్పష్టతనిస్తుంది. కింది సంఖ్యలు లెక్క సౌలభ్యం కోసం తీసుకున్నవి. 600 చదరపు అడుగుల పెంకుటిల్లు ఉన్నదనుకుందాం. దానిని ఈనాడు కొత్తగా కట్టడానికి 6 లక్షల రూపాయలు అవుతుందనీ, దాని ఆయుర్దాయం 50 ఏళ్లనీ, చివరికి కలప, రాయి రూపంలో మిగిలే విలువ 10 శాతమనీ భావిద్దాం. అప్పుడు 90 శాతం విలువ 50 ఏళ్లలో తరుగుతుంది, ఏటికి 1.8 శాతం. ఇంటి వయసు 40 ఏళ్లయితే తరుగుదల 72 శాతం. మిగిలిన విలువ 1 లక్ష 68 వేల రూపాయలు.

దీనికి 15 శాతం సొలేషియం కలిపితే 1 లక్ష 93 వేల 200 రూపాయలు. 30 శాతం కలిపితే 2 లక్షల 18 వేల 400. 2013 చట్టం ప్రకారం నూరు శాతం కలిపినా 3 లక్షల 36 వేలు. అదే ఇంటిని తిరిగి కట్టుకోవడానికి ఇంకా 2 లక్షల 64 వేలు లోటు. స్థలం విలువను ఈ లెక్కలో చేర్చలేదు. కొత్త స్థలం సంపాదించే ఖర్చునూ చేర్చలేదు.

ఈ లెక్కనే తిప్పి అడగవచ్చు: ఎన్నేళ్ల ఇంటి దాకా పరిహారం పునర్నిర్మాణానికి సరిపోతుంది? 15 శాతం సొలేషియం ఉన్న కాలంలో తరుగుదల 13 శాతం దాటితే లోటు మొదలవుతుంది. అంటే ఏడేళ్లు దాటిన ఇల్లు. 30 శాతం ఉన్నప్పుడు తరుగుదల 23 శాతం దాకా సరిపోతుంది. అంటే సుమారు పదమూడేళ్ల ఇల్లు. నూరు శాతం ఉన్నప్పుడు 50 శాతం దాకా; అంటే సుమారు ఇరవై ఎనిమిదేళ్ల ఇల్లు. నూట ఇరవై ఏళ్ల శాసనచరిత్ర ఇంటి వయసు కొలమానంలో ఏడు నుంచి ఇరవై ఎనిమిదికి చేరింది. మట్టిగోడల ఇంటికి ఆయుర్దాయాన్ని 30 ఏళ్లుగానే తీసుకుంటే ఆ చివరి సంఖ్య కూడా పదిహేడేళ్లకు పడిపోతుంది.

దీని నుంచి తేలే విషయం ఒకటుంది. సొలేషియం ఉద్దేశం నిర్బంధానికి ఊరట. పాత ఇళ్ల విషయంలో అది ఆ పని చేయలేకపోతున్నది. తరుగుదల తీసుకుపోయినదానిలో కొంత భాగాన్ని తిరిగి ఇవ్వడానికే అది ఖర్చవుతున్నది. కొత్త ఇల్లున్న కుటుంబానికి ఊరట దక్కుతుంది. పాత ఇల్లున్న కుటుంబానికి ఊరట పేరుతో తన ఇంటి ముక్క తనకే తిరిగి వస్తుంది. పల్లెలో పాత ఇల్లు ఎవరికుంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

7. రిజిస్ట్రేషన్ విలువ, స్థలం విలువ

ఇంటి కింది స్థలం విలువకు మరొక చరిత్ర ఉంది. స్టాంపు రుసుము తగ్గించుకోవడానికి దస్తావేజుల్లో తక్కువ ధర చూపడాన్ని అరికట్టేందుకు ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టానికి సెక్షన్ 47-ఎ చేర్చి, 1975లో నియమావళి రూపొందించారు. ప్రాంతాల వారీగా కనీస విలువలను సూచించే రిజిస్టర్లు ఆ క్రమంలో వచ్చాయి. ప్రజలు దీన్ని 'గవర్నమెంటు వాల్యూ' అంటారు. తెలంగాణలో ఈ విలువలను 2013 తర్వాత 2021 జూలైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో సవరించారు. నడుమ ఎనిమిదేళ్లు అవి కదలలేదు.

ఈ రిజిస్టరును భూసేకరణ పరిహారానికి ఆధారం చేయవచ్చా అన్న ప్రశ్న ఆదిలాబాద్ నుంచి సుప్రీంకోర్టుకు చేరింది. జవాజీ నాగనాథం కేసులో 1994లో వెలువడిన తీర్పు, ఆ రిజిస్టరు రెవెన్యూ వసూలు కోసం ఉద్దేశించినదేననీ, సెక్షన్ 23 కింద మార్కెట్ విలువకు అది ఆధారం కాజాలదనీ చెప్పింది. 2013 చట్టం సెక్షన్ 26 దీన్ని కొంత మార్చింది. స్టాంపు చట్టం కింది విలువ, సమీప గ్రామంలోని అటువంటి భూముల సగటు అమ్మకపు ధర, అంగీకారంతో నిర్ణయమైన మొత్తం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలన్నది. సగటు లెక్కలో గత మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం వాటినే తీసుకోవాలి. భూయజమానికి ఇది మేలు. అయితే ఈ సూత్రమంతా దస్తావేజుల మీద నడుస్తుంది. దస్తావేజులే లేని ఆబాది స్థలానికి అది దూరం నుంచి మాత్రమే వర్తిస్తుంది.

8. 2013 చట్టం, తెలంగాణ అనుభవం

2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 నాటి చట్టం మొదటిసారిగా ఇంటిని నేలకు అతుక్కున్న వస్తువుగా కాక నివాసంగా కూడా గుర్తించింది. గ్రామీణ భూమి విలువను దూరాన్ని బట్టి ఒకటి నుంచి రెండు రెట్ల దాకా హెచ్చించి, దానికి కట్టడాల విలువ కలిపి, మొత్తం మీద నూరు శాతం సొలేషియం ఇమ్మన్నది. ఇల్లు కోల్పోయిన గ్రామీణ కుటుంబానికి ఇందిరా ఆవాస్ యోజన ప్రమాణాల ప్రకారం కట్టిన ఇల్లు ఇవ్వాలని రెండవ అనుబంధం చెబుతుంది. ఆ పథకపు కనీస వైశాల్యం 20 చదరపు మీటర్లుగా ఉండేది. అంటే సుమారు 215 చదరపు అడుగులు. వాకిలి, దొడ్డి, కొట్టం ఉన్న ఇంటికి ఇది ప్రత్యామ్నాయం కాకపోయినా, నిలువ నీడను హక్కుగా గుర్తించడం చిన్న మార్పు కాదు. వయోజనులను వేరు కుటుంబంగా పరిగణించడమూ అటువంటిదే. ఇంటిస్థలం లేకపోయినా మూడేళ్లుగా నిరంతరం నివసిస్తున్న కుటుంబాలకు కూడా ఆ అనుబంధం ఇంటి హక్కు కల్పించింది. అయితే ఏటా కొన్ని నెలలు వలస వెళ్లే పాలమూరు కూలి కుటుంబానికి 'నిరంతరం' అన్న మాట ఎట్లా వర్తిస్తుందన్నది వ్యాఖ్యానాన్ని కోరే విషయం. దేశంలోని ఎన్నో ఆనకట్టలను కట్టిన చేతులు వారివి.

2015 జూన్‌లో పాలమూరు–రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపనలు జరిగాయి. 2015 జూలై 30న తెలంగాణ ప్రభుత్వం 123వ నంబరు ఉత్తర్వు ద్వారా యజమానుల నుంచి నేరుగా భూమి కొనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ పద్ధతిలో భూమి లేని కూలీలకు, చేతివృత్తులవారికి 2013 చట్టం ఇచ్చిన రక్షణ దక్కదన్న వాదనను అంగీకరించి 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2017 నాటి రాష్ట్ర సవరణ, అంగీకార ఒప్పందాలకు చట్టరూపం ఇచ్చింది. ఇష్టపూర్వక విక్రేత అన్న పాత కల్పన ఇక్కడ కొత్త రూపంలో తిరిగి వచ్చింది: పూర్వం కోర్టు ఊహించిన ఇష్టం, ఇప్పుడు ఒప్పంద పత్రం మీద సంతకంగా మారింది.

మేళ్లచెరువు, మట్టంపల్లి మండలాల్లో పులిచింతల ముంపు గ్రామాలు, మర్రిగూడ మండలంలో శివన్నగూడెం జలాశయ ప్రాంతం, జడ్చర్ల మండలంలో ఉదండాపూర్ జలాశయం కింది ఊళ్లు ఈ చరిత్రలో తర్వాతి అధ్యాయాలు. పొలం ముందుగా సేకరణలోకి పోయి, ఇల్లు చివరిదాకా మిగిలే చోట మరొక సమస్య తలెత్తుతుంది. నోటిఫికేషన్ తర్వాత ఇంటికి ఎవరూ మరమ్మతు చేయరు. కొత్త అర్ర కట్టరు. మరమ్మతు ఆగిన మట్టి ఇల్లు నిజంగానే పాతబడుతుంది. సేకరణలో జరిగే జాప్యమే తరుగుదలకు సాక్ష్యాన్ని సృష్టిస్తుంది.

9. తరుగుదల వాదన: పరిశీలన

తరుగుదలను సమర్థించే వాదన బలహీనమైనదేమీ కాదు. పరిహారం ప్రజాధనం, పాత ఇంటికి కొత్త ఇంటి వెల ఇస్తే కోల్పోయినదానికంటె ఎక్కువ ఇచ్చినట్లవుతుంది. ఒకే ఊళ్లో నిరుడు కట్టిన ఇంటికీ, శిథిలమైన ఇంటికీ ఒకే లెక్క కట్టడం కూడా న్యాయంగా కనిపించదు. బ్యాంకు తాకట్టులోను, ఆస్తి పంపకంలోను, ఇష్టపూర్వక అమ్మకంలోను ఈ వాదన చెల్లుతుంది.

నిర్బంధ సేకరణలో అది నిలవకపోవడానికి కారణం సందర్భభేదం. అమ్మకంలో పాత ఇల్లు మరొకరికి ఇల్లుగానే మిగులుతుంది. అమ్మినవాడు తన శక్తికి తగిన మరో పాత ఇంటిని కొనుక్కోగలడు. ముంపులో ఊరంతా ఒకేసారి లేస్తుంది. పునరావాస కాలనీలో నలభై ఏళ్ల ఇళ్లు అమ్మకానికి ఉండవు. అక్కడ పాత ఇంటికి బదులు దొరికేది కొత్త ఇల్లే. దాని వెల కొత్త వెలే. కనుక తరుగుదల మినహాయింపు, దొరకని వస్తువు ధరను బట్టి పరిహారం ఇవ్వడం అవుతుంది. నిర్బంధ పునరావాసం మీద ప్రపంచ బ్యాంకు 2001లో రూపొందించిన విధానం ఈ భేదాన్ని గుర్తించింది. ఇంటికి పూర్తి పునర్నిర్మాణ వ్యయం ఇవ్వాలనీ, తరుగుదలను గానీ, పాత సామాను విలువను గానీ మినహాయించరాదనీ అది నిర్దేశించింది.

10. ముగింపు

ఇంటి విలువ ప్రయోజనాన్ని బట్టి మారుతుందన్నది మూల్య నిర్ణయ శాస్త్రంలో అంగీకృతమైన విషయమే. బ్యాంకుకు కావలసింది అమ్మితే వచ్చే వెల, స్టాంపు శాఖకు కావలసింది రుసుము కట్టించే వెల, నిర్వాసితునికి కావలసింది తిరిగి కట్టుకునే వెల. పాలమూరు, నల్లగొండ జిల్లాల ముంపు చరిత్రలో ఈ మూడవదాన్ని మొదటిదాని సూత్రంతో లెక్కించడం జరిగింది. సొలేషియం 15 నుంచి 30కి, 30 నుంచి 100కు పెరిగినా పాత ఇంటి లోటు తీరకపోవడానికి కారణం శాతంలో లేదు. ఆ శాతాన్ని దేని మీద లెక్కిస్తున్నారన్న దానిలో ఉన్నది.

దీనిని సరిదిద్దడానికి మరో చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదు. కట్టడాల విలువను తేల్చడానికి ఇంజనీరుతో పాటు ఆయా రంగాల నిపుణుల సేవలు తీసుకునే అధికారాన్ని 2013 చట్టం సెక్షన్ 29 కలెక్టరుకు ఇచ్చింది. సమత, న్యాయం, బాధిత కుటుంబాల మేలు దృష్ట్యా తగిన ఏ ఇతర అంశాన్నయినా పరిగణించవచ్చని సెక్షన్ 28 చెబుతుంది. తరుగుదలను మినహాయించకుండా పునర్నిర్మాణ వ్యయాన్ని ఆధారం చేసుకోవడానికీ, వాకిలి, దొడ్డి, కొట్టం వంటివాటిని నమోదు చేయడానికీ ఈ రెండు నిబంధనలు చోటిస్తున్నాయి. 1894 చట్టం గృహస్థుని అయిష్టతను లెక్కలోకి తీసుకోవద్దన్నది. 2013 చట్టంలో ఆ మాట లేదు. మూల్య నిర్ణయ పట్టికలోని వయసు గడి మాత్రం ఇంకా ఆ పాత చట్టానికే లోబడి ఉన్నది.